మూల బెంచీకే ఎందుకంత గిరాకీ

మా బడి లైబ్రరీలో అన్నిటికన్నా గిరాకీ ఉన్నది ఏ పుస్తకానికీ కాదు, ఎన్‌సైక్లోపీడియాల బీరువా వెనకున్న బెంచీకి. గుమ్మంలోంచి చూస్తే అది కనబడదు. నా టేబుల్ దగ్గర్నుంచి చూసినా అక్కడ కూర్చున్నవాళ్ల మోకాళ్లే కనబడతాయి. లంచ్ బెల్లు కొట్టగానే ఎవరో ఒకరు వచ్చి అక్కడ చేరతారు. చేతిలో పుస్తకం ఉంటుంది గానీ పేజీ తిరగదు. ఒకమ్మాయి అట్లాసు తలకిందులుగా పట్టుకుని మళ్లీ బెల్లు కొట్టేదాకా అలాగే కూర్చుంది. నేనేమీ అనలేదు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ బెంచీ మీదకి వచ్చేది దెబ్బలాడుకుని వచ్చినవాళ్లో, మార్కులు తక్కువొచ్చి ఏడుపు ఆపుకుంటున్నవాళ్లో. ఇప్పుడలా లేదు. క్లాస్ ఫస్టు వస్తాడు. వాలీబాల్ టీమ్ కెప్టెన్ వస్తాడు. ఇన్‌స్టాగ్రామ్‌లో బోలెడంతమంది ఫాలోవర్లున్న పిల్లా వస్తుంది. ఏంటమ్మా అంటే "ఏం లేదు మేడమ్, ఊరికే" అంటారు. ఒక పదో తరగతి పిల్లాడు మాత్రం ఒకసారి ఇంకో మాట కలిపాడు: "ఇక్కడైతే మొహం ఎలా పెట్టాలా అని చూసుకోనక్కర్లేదు మేడమ్."

(ఇక్కడ రాసే పిల్లల వివరాలన్నీ ఎవరూ పోల్చుకోకుండా అటూ ఇటూ మార్చాను. వాళ్లు నన్ను నమ్మి చెప్పిన సంగతులు కదా.)

ఈ కాలం పిల్లల కష్టాలు అనగానే అందరి దగ్గరా ఒక లిస్టు తయారుగా ఉంటుంది. చదువు ఒత్తిడి, ఫోను, సావాసాలు, మత్తు, ఒంటరితనం. అందులో ఏదీ అబద్ధం కాదు. ప్రపంచవ్యాప్తంగా 10 నుంచి 19 ఏళ్ల మధ్య పిల్లల్లో ప్రతి ఏడుగురిలో ఒకరు ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మా క్లాసురూముల లెక్కన చూస్తే వరసకొకరు. కానీ చదువు టెన్షన్ మాకూ ఉండేది. పక్కింటివాళ్ల పిల్లలతో పోలికలూ ఉండేవి, ఏడిపించేవాళ్లూ ఉండేవాళ్లు. నాకు కొత్తగా కనబడుతున్నది ఒక్కటే. ఈ పిల్లలకి ఎవరూ తమని చూడని సమయం దాదాపుగా లేకుండా పోయింది. తోటివాళ్లు చూస్తుంటారు, ముక్కూమొహం తెలియనివాళ్లు చూస్తుంటారు, టీచర్లు చూస్తుంటారు, ఇంటికెళ్తే మనం.

డేవిడ్ ఎల్కిండ్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1967లోనే ఈ వయసు గురించి ఒక మంచి సంగతి పట్టుకున్నాడు. టీనేజ్ పిల్లలకి తమ ముందు ఎప్పుడూ కొంతమంది ప్రేక్షకులు కూర్చుని ఉన్నట్టు అనిపిస్తుందట. ముక్కు మీద మొటిమ వస్తే లోకమంతా దాన్నే చూస్తోందనుకుంటారట. ఆ ప్రేక్షకులు ఊహలోవాళ్లు కాబట్టి, "పోరా, నిన్నెవడు పట్టించుకుంటాడు" అని పెద్దవాళ్లు కొట్టిపారేస్తే అంతటితో సర్దుకునేది. 2009లో ఫేస్‌బుక్‌కి లైక్ బటన్ వచ్చింది, 2010లో ఇన్‌స్టాగ్రామ్ వచ్చింది. ఊహలో ఉన్నవాళ్లు నిజంగానే వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. ఎంతమంది మెచ్చుకున్నారో ఫొటో కింద అంకె పడుతుంది. స్టోరీ ఎవరెవరు చూశారో పేర్లతో సహా పెట్టిన పిల్లాడి దగ్గర ఉంటుంది. ఇప్పుడు మనం పాత ఓదార్పు పట్టుకెళ్తే పిల్లలు నవ్వుతారు.

చూస్తున్నారన్న ఒక్క సంగతే ఆ వయసు మెదడు మీద ఎంత పనిచేస్తుందో 2011లో వచ్చిన ఒక పరిశోధన చూపించింది. మనస్తత్వవేత్త లారెన్స్ స్టీన్‌బర్గ్ బృందం టీనేజర్లనీ పెద్దవాళ్లనీ మెదడు స్కానర్‌లో పడుకోబెట్టి కారు నడిపే వీడియో గేమ్ ఆడించింది. సిగ్నల్ దగ్గర ఆగాలా, దూసుకుపోవాలా అన్నది ఆడేవాళ్ల ఇష్టం. ఒక్కళ్లే ఆడినప్పటికన్నా, స్నేహితులు పక్క గదిలోంచి చూస్తున్నారని తెలిసినప్పుడు టీనేజర్లు ఎక్కువ రిస్కు తీసుకున్నారు. మెదడులో ప్రతిఫలానికి స్పందించే భాగాలు అప్పుడు ఎక్కువగా పనిచేశాయి. పెద్దవాళ్లలో ఆ తేడా కనిపించలేదు. స్నేహితులు రెచ్చగొట్టలేదు, చప్పట్లు కొట్టలేదు. పక్క గదిలో ఉన్నారంతే. ఇప్పుడు ఆ పక్క గది జేబులో ఉంటోంది.

దగ్గర్నుంచి చూస్తే ఇది ఎలా ఉంటుందో చెప్తాను. బడి వార్షికోత్సవం రోజు లైబ్రరీని డ్రెస్సులు మార్చుకునే గదిగా ఇచ్చారు, ఫోన్లు కూడా ఆ ఒక్కరోజు అనుమతించారు. తొమ్మిదో తరగతి అమ్మాయిలు నలుగురు ఫొటో దిగారు. దిగడం నిమిషం పని. ఆ తర్వాత మొదలైంది అసలు పని. అందరి మొహాలూ బాగున్న ఫొటో ఒక్కటీ లేదు. ఒకరికి నచ్చింది ఇంకొకరికి నచ్చదు. చివరికి ఒకటి ఖాయం చేసి, పెట్టే ముందు అక్కడ లేని ఇద్దరు ఫ్రెండ్స్‌కి పంపి "ఓకేనా" అని అడిగారు. వాళ్లు ఓకే అన్నాక పెట్టారు. పెట్టాక నలుగురూ నాలుగు ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు. మొదటి కాసేపట్లో లైకులు పెద్దగా రాకపోతే ఆ పోస్టు తీసేయాలన్నది వాళ్లలో రూలు. తక్కువ లైకులున్న ఫొటో అకౌంట్‌లో ఉండటం అసలు ఫొటోనే లేకపోవడం కన్నా పరువు తక్కువ. స్టేజీ మీద వీళ్ల డాన్సు వంతు వచ్చిందని పిలిస్తే, ఒకమ్మాయి నాకు ఫోన్ ఇచ్చి "మేడమ్, కాస్త చూస్తూ ఉండండి, తగ్గితే తీసేయండి" అంది. లైకులు ఎలా తగ్గుతాయో, తగ్గితే నేను ఏది నొక్కాలో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇందులో పిల్లల పిచ్చి ఎంత, ఆ యాప్ చేసిన మాయ ఎంత అని అడిగితే, 2016లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం లాస్ ఏంజెలిస్‌లో చేసిన ప్రయోగం గుర్తు చేస్తాను. ఇన్‌స్టాగ్రామ్ లాంటి తెర ఒకటి తయారుచేసి, ఒకే ఫొటోని సగంమంది టీనేజర్లకి బోలెడు లైకులతో, మిగతా సగానికి కొద్ది లైకులతో చూపించారు. ఎక్కువ లైకులు కనబడినవాళ్లే ఎక్కువగా లైక్ కొట్టారు. ఫొటో అదే. మారింది కింద అంకె ఒక్కటే.

గ్రూపుల సంగతి ఇంకా సున్నితం. క్లాసుకి ఒక గ్రూప్ ఉంటుంది, టీచర్లకి తెలిసింది. దానికి పక్కన టీచర్లు లేని గ్రూప్. దానికి పక్కన ఫలానావాడు లేని గ్రూప్. మా వాడొకడికి మూడోది ఉందన్న సంగతి, ఎవరో అందులో పెట్టాల్సిన మెసేజ్ పొరపాటున రెండోదాంట్లో పెడితే తెలిసింది. మెసేజ్‌లో తిట్టేమీ లేదు. "వాడికి చెప్పొద్దు, ఆదివారం నాలుగింటికి" అని ఉందట. వాడు నాతో రెండుసార్లు అన్నాడు, "తిట్టినా బాగుండేది మేడమ్" అని. పూర్వం పిలవకపోతే పిలవలేదని సోమవారం తెలిసేది, అదీ సగం సగం. ఇప్పుడు పిలవని చోట నవ్వులు ఆదివారం సాయంత్రమే స్టోరీల్లో వరసగా వస్తుంటాయి. చూడకుండా ఉండొచ్చు కదా అంటారు పెద్దవాళ్లు. ఉండలేరు. మనమూ ఉండలేం, బంధువుల పెళ్లికి మనల్ని పిలవకపోతే ఆల్బమ్ చూడకుండా ఉంటామా?

అద్దం గోల ఆడపిల్లలదే అనుకోవడం మానేయాలి. ఇన్‌స్టాగ్రామ్ కూడా తనదే అయిన ఫేస్‌బుక్ సంస్థ లోపలి పత్రాలు 2021లో, అక్కడ పనిచేసి మానేసిన ఫ్రాన్సెస్ హౌగెన్ ద్వారా బయటకొచ్చాయి. తమ శరీరం పట్ల అప్పటికే అసంతృప్తి ఉన్న టీనేజ్ అమ్మాయిల్లో ముగ్గురిలో ఒకరు ఇన్‌స్టాగ్రామ్ వల్ల అది ఇంకా ముదిరిందని చెప్పినట్టు వాళ్ల సొంత సర్వేలోనే ఉంది. అమ్మాయిల గురించి ఈమాత్రమైనా మాట్లాడుకుంటున్నాం. మగపిల్లలు మాత్రం దవడ ఎలా ఉండాలి, భుజాలు ఎంత వెడల్పుండాలి అని రోజూ వీడియోలు చూస్తూ, ఎండాకాలంలో కూడా స్వెట్టర్ తీయకుండా తిరుగుతుంటే మనం "స్టయిల్" అని వదిలేస్తున్నాం. లైబ్రరీలో కండలు పెంచడం గురించి పుస్తకం ఉందా అని అడిగే పిల్లలు ఇప్పుడు ఏడో తరగతి నుంచే మొదలవుతున్నారు.

నిద్ర గురించి ఒక్క ముక్క. పొద్దున్నే లేవకపోతే బద్ధకమని తిడతాం గానీ, యుక్తవయసులో నిద్ర తెప్పించే హార్మోను మెలటోనిన్ ఊరడమే రాత్రి ఆలస్యంగా మొదలవుతుంది, ఒళ్లే వాళ్లని మేలుకోబెడుతుంది. వాళ్లకి కావలసింది 8 నుంచి 10 గంటలు. అందుకే హైస్కూళ్లు ఉదయం 8:30 కన్నా ముందు మొదలుపెట్టొద్దని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2014లో చెప్పింది, కాలిఫోర్నియా 2022 నుంచి దాన్ని చట్టంగా అమలు చేస్తోంది. ఫోన్ ఆ మెలకువని ఇంకాస్త లాగుతుంది, నిజమే. కానీ తెల్లారి మొదటి పీరియడ్‌లో తూగే పిల్లాడి తప్పంతా ఫోన్ మీదే వేస్తే బడి టైమ్‌టేబుల్ సులువుగా తప్పించుకుంటుంది.

ఇప్పుడు నేను అసలు రాయాలనుకున్న సంగతికి వస్తాను. చూడటం అనేది బెదిరింపుగా మారే చోటు ఒకటుంది.

ఒక అబ్బాయి వారం రోజులుగా ఆ బెంచీ మీదే ఉంటున్నాడు. అన్నం తినట్లేదు. ఒకరోజు పుస్తకాలు సర్దే వంకతో పక్కన నిలబడితే మెల్లగా చెప్పాడు. ఎవరో అమ్మాయి పేరుతో పరిచయం, రెండు రోజుల కబుర్లు, ఇంకో యాప్‌లోకి రమ్మనడం, ఒక ఫొటో అడగడం, వీడు పంపడం. పంపిన కాసేపటికి అవతలి గొంతు మారిపోయింది. వీడి ఫాలోవర్ల లిస్టు స్క్రీన్‌షాట్ తీసి పంపి, గంటలో డబ్బు వేయకపోతే వీళ్లందరికీ వెళ్తుందన్నారు. ఇది వీడొక్కడి కథ కాదు. డబ్బు కోసం చేసే ఈ బెదిరింపులకి ఎక్కువగా గురయ్యేది 14 నుంచి 17 ఏళ్ల మగపిల్లలేనని అమెరికా ఎఫ్‌బీఐ హెచ్చరిస్తూ వస్తోంది. మగపిల్లాడికి ఏమవుతుందిలే అనుకునేవాళ్లు ఈ వాక్యం ఇంకోసారి చదవండి.

ఇలాంటప్పుడు చేయాల్సింది తెలిసి ఉంటే కొంత భయం తగ్గుతుంది. డబ్బు వేయకూడదు, వేస్తే మళ్లీ అడుగుతారు. జవాబివ్వడం ఆపేయాలి. భయపడి చాట్ మొత్తం చెరిపేస్తుంటారు పిల్లలు, అది చేయకూడదు. పేరు, నంబరు, బెదిరించిన మాటలు అన్నీ స్క్రీన్‌షాట్ తీసుకున్నాక రిపోర్ట్ కొట్టి బ్లాక్ చేయాలి. పెద్దవాళ్లకి చెప్పాలి, పోలీసులకి వెళ్లాలి. ఒకటి మాత్రం జాగ్రత్త: ఆ ఫొటోని సాక్ష్యం పేరుతో ఎవరికీ ఫార్వర్డ్ చేయకూడదు, టీచర్‌కైనా సరే. 18 ఏళ్లలోపు తీసిన ఫొటోలైతే "టేక్ ఇట్ డౌన్" అనే ఉచిత సేవ ఒకటుంది. పేరు చెప్పక్కర్లేదు. ఫొటో మన ఫోన్ దాటి వెళ్లదు. ఆ ఫొటోకి వేలిముద్ర లాంటి ఒక కోడ్ మన ఫోన్‌లోనే తయారై, అది మాత్రమే వెళ్తుంది. ఇందులో చేరిన సైట్లు ఆ కోడ్‌తో పోల్చి ఆ ఫొటో కనబడితే తీసేస్తాయి. చేరని సైట్ల మీద, పంపినవాళ్లకీ అందుకున్నవాళ్లకీ తప్ప ఇంకెవరికీ కనబడని (ఎన్‌క్రిప్ట్ అయిన) చాట్ల మీద ఇది పనిచేయదు. అయినా ఏమీ చేయలేం అనుకుని మూల కూర్చోవడం కన్నా చాలా నయం. ఇప్పుడు ఏఐతో మామూలు యూనిఫాం ఫొటోని కూడా పాడు ఫొటోగా మార్చేస్తున్నారు కాబట్టి, "నువ్వెందుకు పంపావు" అన్న ప్రశ్నకి కూడా కాలం చెల్లింది. అమెరికా 2025 మేలో తెచ్చిన చట్టం ఇలా కల్పించిన ఫొటోలకీ వర్తిస్తుంది. బాధితులు ఫిర్యాదు చేస్తే సైట్లు 48 గంటల్లో తీసేయాలి.

ఆ అబ్బాయిని నేను అడిగింది ఒక్కటే, ఇంట్లో ఎందుకు చెప్పలేదురా అని. "ఫోన్ లాక్కుంటారు మేడమ్." కొడతారని కాదు, తిడతారని కూడా కాదు.

వాడి మాటల్లో ఇంకోటి కూడా ఉంది. చచ్చిపోతే గొడవ వదిలిపోతుందనిపించింది అన్నాడు, నవ్వుతున్నట్టుగా. ఈ మాటని పిల్లలు జోకుగా కూడా వాడతారు, అందుకే పెద్దవాళ్లు దాటేస్తారు. నేను సూటిగానే అడిగాను, నిజంగా చనిపోవాలని అనుకున్నావా అని. అలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామని చాలామంది భయం. అది అపోహ అని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతుంది, అడిగితే చెప్పుకునే దారి దొరుకుతుంది. వాడు అవునన్నాడు. ఆ సాయంత్రం వాణ్ణి ఒంటరిగా పంపలేదు. కౌన్సెలర్, వాళ్ల నాన్న ఇద్దరూ వచ్చాకే వెళ్లాడు. ఇప్పుడు బాగున్నాడు, మొన్న ఆలస్యంగా తెచ్చిన పుస్తకానికి ఫైన్ కట్టనని నాతో పోట్లాడాడు కూడా.

ఇలాంటివి విన్నప్పుడల్లా పెద్దవాళ్లకి తట్టే మందు ఒకటే, ఇంకాస్త నిఘా. పొద్దున పరీక్ష రాస్తే మధ్యాహ్నానికి మార్కులు తల్లి ఫోన్‌లో ఉంటాయి. పిల్లాడు ఇంటికి నడుచుకుంటూ వెళ్లి, అమ్మ మొహం చూసి తన మార్కులు తెలుసుకుంటాడు. లొకేషన్ యాప్‌లో చుక్క కాసేపు ఆగితే "అక్కడెందుకు ఆగావ్" అని ఫోన్. అన్నీ చూస్తున్నాం కదా, ఆ అబ్బాయి వారం రోజులు అన్నం తినని సంగతి ఏ యాప్ చెప్పింది? ఇంకో వైపు, పిల్ల ఏడుస్తున్న వీడియో తీసి స్టేటస్‌లో పెట్టేదీ మనమే. అనుమతి అడగకుండా తమ ఫొటోలు పెట్టొద్దని అమ్మానాన్నలకి చెప్పమని నన్ను బతిమాలిన పిల్లలున్నారు. ఒకామె అయితే తన కొడుకు లైబ్రరీ నుంచి ఏయే పుస్తకాలు పట్టుకెళ్లాడో లిస్టు ఇమ్మంది. ఇవ్వలేదు. ఎవరు ఏం చదివారో ఇంకొకరికి చెప్పకపోవడం మా వృత్తిలో పాత పద్ధతి. వాణ్ణే అడగండమ్మా, సంతోషంగా చెప్తాడు అన్నాను. పిల్లలకీ సొంత ఆంతరంగికత ఉంటుందని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 16వ అధికరణంలోనే రాసి ఉంది. దాని కాపీ మా దగ్గర ఉంది, ఇంతవరకు ఎవరూ తీసుకెళ్లలేదు.

వయసు నిషేధాల గురించి కూడా అడుగుతుంటారు. ఆస్ట్రేలియా 2024లో చట్టం చేసి, 2025 డిసెంబర్ 10 నుంచి 16 ఏళ్లలోపు వాళ్లకి సోషల్ మీడియా అకౌంట్లు ఉండకూడదంది. శిక్ష పిల్లలకీ తల్లిదండ్రులకీ కాదు, కంపెనీలకి. ఆ ఒక్క కారణానికే నాకది నచ్చింది. అకౌంట్ తెరవడానికి చాలా యాప్‌లు పెట్టుకున్న 13 ఏళ్ల హద్దు పిల్లల మనసు చూసి పెట్టింది కాదు, తల్లిదండ్రుల అనుమతి లేకుండా వాళ్ల సమాచారం సేకరించకూడదన్న 1998 నాటి అమెరికా చట్టం నుంచి వచ్చింది. కాకపోతే 16 నిండిన మర్నాడు ఏం చేయాలో ఏ చట్టమూ నేర్పదు, పైగా చిన్నపిల్లలు పుట్టిన సంవత్సరం మార్చుకోవడంలో మనకన్నా ఎప్పుడూ నాలుగాకులు ఎక్కువే చదివి ఉంటారు.

మొన్న పేరెంట్స్ మీటింగ్ అయ్యాక ఒకాయన వెనక ఉండిపోయాడు. "మేడమ్, మా అమ్మాయి ఫోన్ నేను చూడొచ్చా?" అన్నాడు. ప్రాణభయం ఉందనిపిస్తే చూడండి, చూస్తున్నానని చెప్పే చూడండి అన్నాను. మామూలు రోజుల్లో అయితే తలుపు కొట్టి గదిలోకి వెళ్లండి, అది చాలు. దానికన్నా ముందు ఆమెకో మాట ఇవ్వండి, ఏం తప్పు చేసి వచ్చి చెప్పినా ఫోన్ లాక్కోనని. ఆయన చాలాసేపు ఆలోచించాడు. "ఏం చేసినా?" అన్నాడు. ఏం చేసినా అన్నాను. "రాత్రిళ్లు హాల్లో ఛార్జింగ్ పెట్టమంటే అది లాక్కున్నట్టా?" కాదు, అది ఇంట్లో అందరికీ ఒకటే రూలైతే. మీ ఫోన్ కూడా హాల్లోనే.

వారం తర్వాత ఆ అమ్మాయి పుస్తకం మార్చుకోవడానికి వచ్చింది. నాన్న మాట ఇచ్చాడట. రాత్రి హాల్లో ఆయన ఫోన్ పెట్టడం దగ్గరే పేచీ వస్తోందట, ఆఫీస్ కాల్స్ అంటున్నాడని. ఆదివారం కూర్చుని మాట్లాడుకుంటారట.